బుడ్డమ్మ పట్టుబడిన రోజు

పోయిన వారం ఇక్కడ రాస్తూ నన్ను నేను మెట్ల మీద వదిలేసి వెళ్ళాను. కింద అయ్యంగార్ బేకరీ, పైన చిన్నమ్మ వాళ్ళ ఆఫీసు. చేతిలో ఖారా బన్నుల పొట్లం. టీ తాగడానికి దిగిన చైతు అన్న పోతూ పోతూ నా చెవిలో వేసిన మాట ఒకటే తిరుగుతోంది: "రెండో భాగంలో బుడ్డమ్మ పట్టుబడతది, తెలుసా?" పైకి ఎక్కబుద్ధి కాలేదు. కిందికి దిగబుద్ధీ కాలేదు.

ఈ వారమే చదవడం మొదలుపెట్టినవాళ్ళకు నాలుగు మాటలు చెప్పాలి. నా పేరు ప్రేమకుమారి. కదిరి దగ్గర మా ఊరి బడిలో పదో తరగతి అయ్యాక, నాన్న పని కోసం ఇంటిల్లిపాదీ హొసకోటెకు వచ్చేశాం. పీయూసీ, అంటే మన ఇంటర్, చదువు కోసం నేను మాత్రం వారమంతా సిటీలో, హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్‌లో మా చిన్నమ్మ కిరణ్మయి దగ్గర ఉంటాను. ఆదివారం ఒక్కరోజు హొసకోటెకు వెళ్తాను. చిన్నమ్మ మా అమ్మకు ఆఖరి చెల్లెలు.

రెండేళ్ళ కిందట, అంటే రెండు వేల నాలుగులో, చిన్నమ్మా స్టాన్లీ సారూ చైతు అన్నా కలిసి సెల్‌ఫోన్‌లో ఆడుకునే ఒక ఆట తయారుచేశారు. దాని పేరు 'దొంగొచ్చె'. మనం వీధిలో ఆడే దాగుడుమూతలాటే. ఒక వీధి, ఒక కరెంటు స్తంభం, ఆ స్తంభానికి ముఖం ఆనించి లెక్కపెట్టే దొంగ. దాక్కునే పిల్లలు ముగ్గురు. వాళ్ళను మనం నడిపించాలి. దొంగ కంటపడకుండా స్తంభాన్ని ముట్టుకుంటే గెలిచినట్టు. ఆ ముగ్గురి వెనక గౌను ఈడ్చుకుంటూ ఒక చిన్నపిల్ల తిరుగుతుంటుంది. అదే బుడ్డమ్మ. ఏ మీట నొక్కినా అది మన మాట వినదు. చివరగా ఎవరు కదిలితే వాళ్ళ వెనకపడి వెళ్ళి, వాళ్ళు దాక్కున్నచోట నిలబడి కిలకిలా నవ్వుతుంది. గుట్టు బయటపడిపోతుంది. అయితే దొంగ వచ్చి దాన్ని ముట్టుకున్నా లెక్కలోకి రాదు. అది ఆటలో అరటిపండు. ఆటలో ఉంటుంది, లెక్కలో ఉండదు. దొంగ దాని తల నిమిరి వదిలేస్తాడు. ఆ నిమిరే కాసేపట్లోనే మిగతావాళ్ళు స్తంభం దగ్గరికి పరిగెత్తాలి. పట్టిచ్చేదీ అదే, కాపాడేదీ అదే.

ఇంకొకటి ఉంది. చిన్నమ్మకూ నాకూ తప్ప ఆ ఆఫీసులో ఎవరికీ తెలియదు. ఆ బుడ్డమ్మ నేనే.

ఇక మెట్ల దగ్గరికి వద్దాం.

ఎక్కకుండా దిగకుండా నిలబడ్డ నన్ను పైనుంచి వచ్చిన స్టాన్లీ సార్ గొంతే లోపలికి లాగింది. ఆయన గట్టిగా మాట్లాడే మనిషి కాదు. ఆ రోజు తలుపు దాటి వినబడుతున్నారు.

"చూడు కిరణ్మయీ, రెండో ప్లేటు ఇడ్లీ చెప్పినవాడు మొదటి ప్లేటు చట్నీయే అడుగుతాడు. నువ్వు పాయసం పోస్తానంటే లేచి పోతాడు."

"ఇది రెండో ప్లేటు కాదు స్టాన్లీ, రెండో రోజు. నిన్నటి చట్నీ ఇవాళ పోస్తే పులిసిపోయి ఉంటుంది."

"టిఫిన్ తినకుండా మీటింగ్ పెట్టుకుంటే ఇట్లనే ఉంటది," అన్నాడు టీ తాగి నా వెనకే వచ్చి కుర్చీలో కూర్చున్న చైతు అన్న. నా చేతిలో పొట్లం చూసి, "దేవుడు పంపినట్టు వచ్చినవ్ ప్రేమా!" అని లాక్కున్నాడు.

నేను మామూలుగా కూర్చునే చోట, తలుపు పక్కన స్టూలు మీద కూర్చున్నాను. ఆఫీసంటే ఒకే గది. మూడు బల్లలు, ఒక డబ్బా నిండా రకరకాల ఫోన్లు. ఆట ఒక ఫోన్‌లో బాగా నడిచి ఇంకో ఫోన్‌లో ఆగిపోతుందట. అందుకని కనబడ్డ ప్రతి ఫోన్ మీదా ఆడి చూడాలి. ఆ డబ్బాలో ఫోన్లన్నిటి మీదా మొదటి భాగం ఆడింది ఆ ఆఫీసులో నేనొక్కదాన్నే.

స్టాన్లీ సార్ కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. "హొసూర్ రోడ్డులో లారీ నడిపే ఆయన ఫోన్ చేసి ఏమన్నాడు? నైట్ డ్యూటీ నర్సమ్మ ఏమంది? ఒక్కరైనా ఆట పేరు సరిగ్గా చెప్పారా? 'బుడ్డమ్మ ఆట' అన్నారు. అంతే. మనకున్న పేరు అదొక్కటే. దాన్ని నిలబెట్టుకోవడం తప్పా?"

"తప్పని నేనన్నానా?"

"సోమవారం కాత్యాయని మేడమ్ వస్తున్నారు. ఆమె కంపెనీ తీసుకుంటేనే రెండో భాగం ఫోన్లలోకి పోయేది. లేకపోతే ముగ్గురం తలా ఒక దిక్కు పోయి ఉద్యోగాలు వెతుక్కోవాలి. ఆమె నన్ను అడిగింది ఒకే ప్రశ్న. బుడ్డమ్మ ఉందా? అని."

"ఉంది కదా."

"పట్టుబడే బుడ్డమ్మ బుడ్డమ్మ కాదు!"

నా మనసులో మాట ఆయన నోట్లోంచి వచ్చింది. చిన్నమ్మ మాట కాదని ఇంకొకరి మాట నిజమనిపించడం నాకు అదే మొదలు. ఎందుకంటే చిన్నమ్మ ఆట తయారుచేసే తీరు నాకు బాగా తెలుసు. మొదటి భాగం చేసేటప్పుడు ఆమె రోజూ మెజెస్టిక్ బస్టాండుకు పోయే బస్సెక్కేదట. పక్క సీటులో ఎవరుంటే వాళ్ళ చేతికి ఫోన్ ఇచ్చి, "ఇది ఎట్లాడాలో నాకు తెలియడంలేదు, కొంచెం చూస్తారా?" అని అడిగేదట. తనే చేసిందని చెప్పేది కాదు. వాళ్ళ ముఖం చూసేది కాదు. బొటనవేలు చూసేది. "ముఖం మొగమాటానికి నవ్వుతాది మే, బొటనవేలికి మొగమాటం లేదు," అంటుంది. బుడ్డమ్మ నవ్వు మూడే మూడు స్వరాలు. ఆ ఫోన్లు ఒకసారికి ఒకే స్వరం పలుకుతాయి. ఆ మూడింటి కోసం ఆమె ఎన్ని సాయంత్రాలు పక్కనున్న అగరలో బడి గేటు దగ్గర పిల్లలు వదిలే వేళకు నిలబడిందో. ఆటకు గడియారం పెట్టు, ఇంత టైములో ముగించాలని పెట్టు అని అందరూ అంటే ఒప్పుకోలేదు. "దాక్కున్నవాళ్ళకు గడియారం ఉండదు" అందట. అంతే, పెట్టలేదు.

అలాంటి మనిషి బుడ్డమ్మను ఎలా పట్టివ్వగలిగింది?

"ప్రేమా," అన్నారు స్టాన్లీ సార్ హఠాత్తుగా నా వైపు తిరిగి. "నీ కంటే ఎక్కువ ఆడినవాళ్ళు ఎవరున్నారమ్మా. నువ్వు చెప్పు. బుడ్డమ్మ పట్టుబడొచ్చా?"

ఆ గదిలో నేను అప్పటివరకు "టీ తేనా?", "ఈ ఫోన్‌లో ఆగిపోయింది" అనే రెండు మాటలు తప్ప మూడో మాట మాట్లాడింది లేదు. ముగ్గురూ నన్నే చూస్తున్నారు. తల అడ్డంగా ఊపి ఊరుకుందామనుకున్నాను. కానీ మాట నన్నడగకుండానే బయటికి వచ్చేసింది.

"బుడ్డమ్మను పట్టుకుంటే అది దొంగొచ్చె కాదు. ఇంకేదో ఆట. దానికి వేరే పేరు పెట్టుకోండి."

చైతు అన్న బన్ను నమలడం ఆపాడు. స్టాన్లీ సార్ "విన్నావా?" అన్నట్టు చిన్నమ్మను చూశారు. చిన్నమ్మ డబ్బాలోంచి ఒక ఫోన్ తీసుకుని, "రా మే," అని నా చెయ్యి పట్టుకుని మిద్దె మీదికి తీసుకెళ్ళింది.

పైన ఎండ చురుక్కుమంటోంది. ఎదుటి ఖాళీ సైటులో ఎవరో ఇల్లు కట్టడానికి రాళ్ళు దించుతున్నారు. నేను నీళ్ళ ట్యాంకు నీడలో నిలబడి గోడ సున్నం గోటితో గీరసాగాను.

"ఏం మే, అందరి ముందర అట్లనేస్తివి?" గొంతులో కోపం లేదు.

"నన్ను తీసేస్తాండావు."

"నిన్నా, బుడ్డమ్మనా?"

"రెండూ ఒకటే గదా. నువ్వే చెప్పినావు."

"చెప్పినా. ఇప్పుడూ చెప్తాండా. అందుకే పట్టిస్తాండా."

నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "నా కత తీసుకొని ఆట చేసినావు. ఇప్పుడు నాకు చెప్పకుండానే మార్చేస్తివి. చైతన్న చెప్తే తెలిసె నాకు, మెట్ల మీద!"

"అది మాత్రం నా తప్పే," అని చిన్నమ్మ ట్యాంకు గట్టు మీద కూర్చుని పక్కన చోటు చూపించింది. నేను కూర్చోలేదు.

"బడి ముందర ఇనుప స్తంభం జ్ఞాపకం ఉండాదా?"

"ఉండాది."

"దాని దగ్గర నువ్వు ఏడ్సింది?"

"నేనెప్పుడు ఏడిస్తి? నేను పట్టుబడిందే లేదు గదా."

"అందుకే ఏడిస్తివి."

నాకు అర్థం కాలేదు. చిన్నమ్మ ఫోన్‌ను ఒళ్ళో పెట్టుకుని చెప్పింది.

"ఎండాకాలం సెలవులు. నీకు ఐదేండ్లు ఉంటాయేమో. నేను డిగ్రీ సెలవులకు వచ్చినా, పిల్లోళ్ళతో కలిసి నేనూ ఆడతాంటి. ఆ పొద్దు అందరం దాక్కుంటిమి. నువ్వు మాత్రం నడివీధిలో నిలబడితివి. దొంగ నీ పక్కనే పోతాంటే వాని చొక్కా పట్టుకొని, 'నన్ను పట్టుకో, నన్ను పట్టుకో' అంటివి. వాడు నీ తల నిమిరి పోయినాడు. నేను అరుగు వెనక నుంచి చూసి నవ్వుకుంటి. మా బుడ్డది ఎంత ముద్దుగా ఉండాదే అనుకుంటి."

"తర్వాత?"

"ముందు పట్టుబడినోళ్ళే గదా తర్వాతి దొంగ. నిన్ను ఎవురూ పట్టుకోరు. అంటే నీకు దొంగ వంతు ఎప్పటికీ రాదు. అది నీకు తెలిసిపాయె. మాకు తెలీలే. ఆట అయినాక అందరం నీళ్ళు తాగను పోతిమి. తిరిగొచ్చి చూస్తే నువ్వొక్కదానివే స్తంభానికి మొగం ఆనిచ్చి లెక్కపెడతాండావు. ఇరవై దాకా లెక్కపెట్టి, ఎనిక్కి తిరిగి, 'దొంగొచ్చె!' అని అరిస్తివి. దాక్కున్నోళ్ళు ఒక్కరూ లేరు మే. వీధంతా ఖాళీ. అప్పుడు ఏడిస్తివి చూడు..."

నాకు జ్ఞాపకం లేదు. కానీ ఆమె చెబుతుంటే నుదుటికి ఏదో వేడిగా తగిలింది. ఎండకు కాగిన ఇనుము. తుప్పు వాసన. కళ్ళు మూసుకుంటే ఎర్రగా కనబడే చీకటి.

"పన్నెండు ఎగరగొట్టినావు," అంది చిన్నమ్మ. నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది. "పదకొండు తర్వాత పదమూడు. ఎంత గట్టిగా చెప్పినావో!"

కింద సైటులో రాళ్ళు దించేవాళ్ళు ఏదో అరుచుకుంటున్నారు. నేను పోయి ఆమె పక్కన కూర్చున్నాను.

"మొదటి భాగంలో నేను సగమే చెప్పినా ప్రేమా. అరుగు వెనక దాక్కొని నేను చూసిన సగం. స్తంభం దగ్గర నిలబడినదాని సగం చెప్పలే. జనాలకు నేను చెప్పిందే నచ్చింది. నచ్చింది గదా అని అదే మళ్ళా చేస్తే అది రెండోది ఎట్లయితాది? మొదటిదాన్నే ఇంకోసారి అమ్మేదయితాది. స్టాన్లీ చెప్పేది అబద్ధం కాదు. బుడ్డమ్మే మన పేరు. ఆ పేరు కాపాడాలంటే ముందు ఆ పిల్లకు ఏం కావాల్నో అడగాల గదా?" అని ఫోన్ నా చేతిలో పెట్టింది. "ఆడు. గెలవొద్దు. బుడ్డమ్మను పట్టుబడనియ్యి."

గెలవడం కంటే అది కష్టమైంది. నా బొటనవేలు తనంతట తానే పిల్లలను దూరంగా నడిపిస్తోంది, బుడ్డమ్మ వాళ్ళ వెనక వచ్చేస్తోంది. చివరికి ముగ్గురినీ ఎక్కడివాళ్ళను అక్కడే నిలబెట్టేశాను. బుడ్డమ్మ నడివీధిలో ఆగిపోయింది. దొంగ వచ్చాడు. చెయ్యి చాపాడు. తల నిమురుతాడనుకున్నాను. భుజం పట్టుకున్నాడు.

మూడు స్వరాల నవ్వు కోసం చెవి దగ్గర పెట్టుకున్నాను. నవ్వు లేదు. బుడ్డమ్మ దొంగ ముఖంలోకి చూసింది. నమ్మలేనట్టు ఇంకోసారి చూసింది. గౌను ఎత్తిపట్టుకుని స్తంభం దగ్గరికి పరుగు తీసింది. రెండేళ్ళలో అది పరిగెత్తగా నేను చూడలేదు. స్తంభానికి ముఖం ఆనించింది. తెరంతా నల్లబడింది.

నల్లటి తెర మీద అంకెలు ఒక్కొక్కటే వస్తున్నాయి. ఒకటి, రెండు, మూడు. అంకె అంకెకూ మధ్య టకటకమని అడుగుల చప్పుడు. పిల్లలు దాక్కోవడానికి పరిగెడుతున్నారు. ఈసారి వీధి ఖాళీ కాదు. దాని కోసం దాక్కుంటున్నారు. తొమ్మిది, పది, పదకొండు.

పదమూడు.

నేను చిన్నమ్మ ముఖం వైపు చూడలేకపోయాను. ఆమె నా ముఖం చూడడం లేదు. నా బొటనవేలినే చూస్తోంది.

తెర తెరుచుకుంది. బుడ్డమ్మ వీధి మధ్యలో నిలబడి ఉంది. ఎటూ కదలడం లేదు. ఎందుకు కదలడంలేదో ఒక నిమిషానికి గానీ నాకు తెలియలేదు. అది నా కోసం ఎదురుచూస్తోంది. కుడివైపు మీట నొక్కాను. కుడివైపు నడిచింది. ఎవరి మాటా వినని బుడ్డమ్మ మొట్టమొదటిసారి నా మాట వింది.

"చిన్నమ్మా," అన్నాను. అప్పుడు చెప్పలేనిది ఇక్కడ రాస్తున్నాను. ఒక మనిషి నా చిన్నతనంలో నేను మర్చిపోయిన ఏడుపును పన్నెండేళ్ళు దాచిపెట్టి, దానికి ఒక వీధీ ఒక స్తంభమూ కట్టి, నా చేతికిచ్చింది. అంత గొప్పగా నన్ను ఎవరూ జ్ఞాపకం పెట్టుకోలేదు.

కానీ ఆడుతుంటే అమ్మ గుర్తుకొచ్చింది. గుర్తుకొచ్చాక చెప్పకుండా ఉండలేకపోయాను.

"అమ్మ ఏం చేస్తాది మరి?"

"అక్కా? అక్కకు దీనితో ఏం పని?"

"నువ్విచ్చిన పాత ఫోన్‌లో దొంగొచ్చె అట్లే ఉండాది గదా. అమ్మ ఆడుతాది."

చిన్నమ్మ నమ్మలేదు. "మా అక్కా? మీటలు నొక్కను రాదంటాది గదా!"

"రాదు. ముగ్గురు పిల్లోళ్ళూ గడియలో పట్టుబడిపోతారు. వాళ్ళు పట్టుబడినాక బుడ్డమ్మ ఒక్కతే వీధిలో తిరుగుతా ఉంటాది చూడు, ఏదో ఒక మీట నొక్కేదాకా? అమ్మ నొక్కదు. ఫోన్ పొయ్యి పక్కన గూట్లో పెట్టుకొని వంట చేసుకుంటాది. అది తిరుగుతా ఉంటాది, నవ్వుతా ఉంటాది. ఎవురు ఓడిపోయినా అది ఓడిపోదంట. 'నాకు ఆ ఒక్కతి చాలు' అంటాది. ఇప్పుడు అది కూడా పట్టుబడితే, అమ్మ లాంటోళ్ళకు ఆటలో ఎవురుండారు? ఇప్పుడు అరటిపండు ఎవురు?"

ఇన్ని మాటలు ఒక్కసారి ఎలా మాట్లాడానో నాకే తెలియదు. చిన్నమ్మ ఖాళీ సైటు వైపు చూస్తూ ఉండిపోయింది. అక్కడ రాళ్ళు దించేవాళ్ళ పిల్ల ఒకతి, నడక సరిగ్గా రానిది, రాళ్ళ కుప్ప చుట్టూ తిరుగుతున్న పెద్ద పిల్లల వెనక తప్పటడుగులు వేస్తోంది. ఎవరూ దాన్ని చూడడం లేదు. ఎవరూ పొమ్మనడమూ లేదు.

చిన్నమ్మ లేచింది. మెట్లు రెండేసి దిగుతూ, "చైతూ!" అని కేకేసింది.

నేను వెళ్ళి స్టూలు మీద కూర్చునేసరికి ఆమె అప్పుడే చెప్పేస్తోంది. "బుడ్డమ్మ పెద్దదైంది. పట్టుబడుతుంది, దొంగవుతుంది. దాని వెనక ఇంకొకటి రావాలి. ఇంకా చిన్నది. అది ఎవరి మాటా వినదు, ఎవరూ దాన్ని పట్టుకోరు. వీధి ఉన్నన్నాళ్ళూ అరటిపండు ఒకటి ఉండాల్సిందే. పిల్ల మారుతుంది స్టాన్లీ, చోటు మారదు."

స్టాన్లీ సార్ కళ్ళద్దాలు పెట్టుకుని ఆమెను, నన్ను మార్చి మార్చి చూశారు. "ఇది మొదటే చెప్పి ఉంటే పొద్దుట్నుంచి ఈ గొడవెందుకు?"

"మొదట నాకూ తెలియదు. ఇప్పుడే ప్రేమ అడిగింది."

"అంతా బాగనే ఉంది," అన్నాడు చైతు అన్న, "కానీ జాగా ఏది మేడమ్? చిన్న ఫోన్లలో ఆట మొత్తం అరవై నాలుగు కేబీలో పట్టాలె. ఇప్పటికే పొట్ట బిగబట్టి ప్యాంటు తొడిగినట్టుంది. ఇంకో పిల్లని ఎక్కడ కూర్చోబెట్టాలె, నా నెత్తి మీదనా?"

"ఏది తీస్తే పడుతుంది?"

అతను తెర మీద చూసుకుని గొణిగాడు. "అడుగుల చప్పుడు తీస్తే..."

"అది తియ్యొద్దు!" అన్నాను నేను. అందరూ నా వైపు చూశారు. తల దించుకున్నాను.

"అయితే మన పేర్లున్న పేజీ. అండ్ల మన ముగ్గురి బొమ్మలు కూడా గీసిన కదా, అదే పెద్దగుంది."

"తీసెయ్," అంది చిన్నమ్మ ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా.

"కిరణ్మయీ! ఎవరు చేశారో కూడా తెలియకుండానా?" స్టాన్లీ సార్ లేచి నిలబడ్డారు. "నీ పేరు ఇంకెక్కడ ఉంటుంది?"

"బుడ్డమ్మ ఉంటే నేనున్నట్టే."

చైతు అన్న తన బొమ్మను ఒకసారి ముద్దుగా చూసుకుని నిట్టూర్చాడు. "అంటే ఇప్పుడు ఆటలో మనమే అరటిపండ్లమా?"

స్టాన్లీ సార్‌కు కూడా నవ్వాగలేదు. అందరం నవ్వుతుండగానే కింద కారు ఆగింది. మెట్ల మీద చెప్పుల చప్పుడు. తలుపు తట్టకుండానే ఒకామె లోపలికి వచ్చింది. నెరిసిన జుట్టు ముడి, కాటన్ చీర, భుజాన పెద్ద సంచి. స్టాన్లీ సార్ చేతిలో బన్ను బల్ల మీద పడిపోయింది.

"కాత్యాయని మేడమ్! సోమవారం కదా..."

"సోమవారమే అప్పా. ఈ పక్క మా చెల్లెలి ఇల్లు ఉండాది. సుమ్నే, ఊరికే చూసి పోదామని వస్తిని." ఆమె చుట్టూ చూసి, నా స్టూలు కాకుండా మిగిలిన ఒకే ఒక కుర్చీలో కూర్చుంది. "నాకు టీ వద్దు, కాఫీ వద్దు. మా మనవరాలు దినామూ ప్రాణం తీస్తాండాది, రెండోది ఎప్పుడొచ్చేది అవ్వా అని. బుడ్డమ్మ ఎక్కడుండాది? చూపించండి."

"మేడమ్, ఇంకా పూర్తి కాలేదు," అన్నారు స్టాన్లీ సార్. "ఇప్పుడే ఒక మార్పు అనుకున్నాం. రెండు రోజులు టైమిస్తే..."

"ఉన్నది చూపించప్పా. పెండ్లికూతురు జడ వేసుకొనేటప్పుడే చూడాల. అప్పుడే అసలు మొగం తెలుస్తాది." ఆమె చేయి చాపింది. ఫోన్ నా చేతిలోనే ఉంది. నేను చిన్నమ్మ వైపు చూశాను. చిన్నమ్మ తల ఊపింది. ఇచ్చేశాను.

ఆ ఫోన్‌లో కొత్త పిల్ల లేదు. అది ఇంకా పుట్టలేదు. పట్టుబడే బుడ్డమ్మ ఒక్కతే ఉంది.

ఆమె బాగా ఆడింది. మనవరాలి కంటే ముందు తనే ఆడి ఉంటుంది. పిల్లలను ఒక్కొక్కరినే స్తంభం దగ్గరికి తెస్తోంది. చివరి పిల్లవాడు బండి చాటున నక్కాడు. బుడ్డమ్మ వాడి వెనకే వచ్చి కిలకిలా నవ్వింది. దొంగ తిరిగాడు. ఆమె ధీమాగా వేలు ఆపేసింది, అతను ఎలాగూ తల నిమురుతాడని. ఆ సందులో పరిగెత్తిద్దామని.

దొంగ భుజం పట్టుకున్నాడు.

ఆమె కనుబొమలు ముడిపడ్డాయి. ఫోన్‌లోంచి అంకెకొక చప్పుడు, మధ్యలో అడుగులు. చిన్నమ్మ ఎప్పటిలాగే ఆమె బొటనవేలు చూస్తోంది. నేను ఆమె ముఖం చూస్తున్నాను.

చప్పుడు ఆగకముందే ఆమె ఫోన్‌ను బల్ల మీద బోర్లా పెట్టేసింది.

"మా బుడ్డమ్మను పట్టిస్తిరి," అంది మెల్లగా. "సరే, అది మళ్ళా మాట్లాడదాం. పదకొండు అయినాక పదమూడు ఏమప్పా? లెక్క పెట్టను కూడా రాని ఆట తీసుకొని పోయి నేను మా ఆఫీసులో ఏమని చూపించాల?"

స్టాన్లీ సార్ ముఖం పాలిపోయింది. ఆయనకు ఆ సంగతి తెలియదు. "సారీ మేడమ్, చిన్న పొరపాటు... చైతూ, అదేంటో చూడు, వెంటనే సరిచెయ్యి."

చైతు అన్న చేయి మీటల మీదికి వెళ్ళింది. చిన్నమ్మ నోరు తెరిచింది, మళ్ళీ మూసుకుంది. నాకు అర్థమైంది. ఎందుకు ఎగిరిపోయిందో చెప్పాలంటే బుడ్డమ్మ ఎవరో చెప్పాలి. నన్ను అడగకుండా అది చెప్పనని ఆమె ఇందాకే మిద్దె మీద మనసులో అనుకుని ఉంటుంది. ఆటలో తన పేరే వదులుకున్న మనిషి, ఇప్పుడు ఈ ఒక్క అంకెను కూడా నా కోసం వదులుకోబోతోంది.

స్టూలు మీద నుంచి లేచాను. నడివీధిలో నిలబడ్డట్టు ఆ గది మధ్యలో నిలబడ్డాను.

"సరిచెయ్యొద్దన్నా," అన్నాను. "ఆ పన్నెండు నాది మేడమ్."

కాత్యాయని మేడమ్ నన్ను అప్పుడే చూసింది. పైనుంచి కిందిదాకా నెమ్మదిగా చూసింది. బల్ల మీది ఫోన్‌ను వెల్లకిలా తిప్పి నా వైపు జరిపింది.

"నీదా? అయితే చెప్పు పాపా," అంది. "ఎక్కడ పోగొట్టుకొంటివి?"